చెక్కు డబ్బాలో వేసి వెళ్లమన్న బ్యాంకు

చాలా ఏళ్లుగా నాకు ఖాతా ఉన్న ఒక బ్యాంకు శాఖలో చెక్కు వసూలు సేవ గురించి ఈ సమీక్ష. ఇటీవల ఒక అకౌంట్ పేయీ చెక్కు (పేరున్నవారి ఖాతాలోనే జమ అయ్యేది) పట్టుకుని వెళితే, కౌంటరులోని ఉద్యోగి తలెత్తకుండానే "డబ్బాలో వేసి వెళ్లండి" అన్నారు. కౌంటర్‌ఫాయిల్‌పై, అంటే జమ చీటీలో మన దగ్గర ఉండే ముక్కపై, ముద్ర అడిగితే ఆ పద్ధతి ఎప్పుడో తీసేశామన్నారు. డ్రాప్ బాక్సు పెట్టినా, కౌంటరులో చెక్కు ఇచ్చేవారికి రసీదు నిరాకరించరాదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ సంగతి మేనేజరుగారికి చెప్పాకే ముద్ర పడింది, అదీ తేదీ సగమే కనిపించేలా.

అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఖాతాలో సొమ్ము ఉన్నంతవరకు బ్యాంకు మనకు బాకీదారు. 1848లో ఫోలీ వర్సెస్ హిల్ కేసులో ఇంగ్లండు హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పిన ఈ సూత్రమే మన దగ్గరా చెల్లుతోంది. చెక్కును వసూలుకు అప్పగించినప్పుడు మాత్రం బ్యాంకు మన ఏజెంటు అవుతుంది, సొమ్ము వచ్చి జమ అయ్యాకే తిరిగి బాకీదారు అవుతుంది. ఆ నడుమ చెక్కు పోయినా, పంపడంలో జాప్యం చేసి మనకు నష్టం తెచ్చినా ఏజెంటుగా బ్యాంకే జవాబుదారీ. అయితే చెక్కు ఇచ్చినట్టు చూపే కాగితం లేనప్పుడు ఈ హక్కంతా ఎవరి ముందు రుజువు చేసుకోవాలి?

చెక్కుపై నా ఇంటిపేరులో ఒక అక్షరం తేడా ఉందని గుర్తింపు పత్రం అడిగారు. అందుకు నాకు కోపం రాలేదు. ఇలా రెండు గీతలు గీసి క్రాస్ చేసిన చెక్కుకు నిజమైన హక్కుదారు వేరొకరని తర్వాత తేలితే, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 131వ సెక్షను వసూలు చేసిన బ్యాంకును కాపాడుతుంది గాని, అది సద్బుద్ధితో, అజాగ్రత్త లేకుండా వ్యవహరించి ఉంటేనే.

అసలు లోపం ఆ తర్వాత బయటపడింది. చెక్కు నిధులు చాలక తిరిగివచ్చిందని సందేశం వచ్చింది గాని, చెక్కు ఎందుకు తిరిగివచ్చిందో బ్యాంకు రాసిచ్చే రిటర్న్ మెమో కోసం ఎనిమిది రోజులు తిరిగాను. అదే చట్టం 138వ సెక్షను కింద చెక్కు బౌన్సు కేసు వేయాలంటే, చెక్కు తిరిగివచ్చిన సమాచారం బ్యాంకు నుంచి అందిన 30 రోజుల్లో ఇచ్చినవారికి నోటీసు పంపాలి; అందులో ఎనిమిది రోజులు నా ఏజెంటే మింగేసింది. మర్యాదకు వంక పెట్టలేను, వసూలు సేవకు మాత్రం అయిదుకు రెండే. మెమో తెచ్చుకోవడానికి వెళ్లిన రోజున కూడా కౌంటరులో అదే మాట వినిపించింది, ఈసారి ఒక పెద్దాయనతో. ఆయన చెక్కు డబ్బాలో వేసి వెళ్లిపోయారు.