కనీసం రెండు ఆరులు: ద్విపద లెక్కకు ఏ పద్ధతి మేలు?

ఒక పాచికను 5 సార్లు వేస్తే కనీసం రెండుసార్లు 6 పడే సంభావ్యత ఎంత? ప్రతి యత్నంలోనూ ఫలితం 'ఆరు' లేదా 'ఆరు కాదు' అని రెండే రకాలు. వాటి సంభావ్యతలు 1/6, 5/6 చివరిదాకా మారవు, ఒక యత్నం ప్రభావం మరొకదానిపై పడదు. కనుక ఇది ద్విపద విభాజనానికి చెందిన లెక్కే. సరిగ్గా k ఆరులు పడే సంభావ్యతకు సూత్రం C(5, k) × (1/6)^k × (5/6)^(5−k). ఇందులో C(5, k) అనేది సంయోగాల సంఖ్య, అంటే 5 యత్నాల్లో ఆరు పడే k యత్నాలను ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో ఆ సంఖ్య.

ప్రతి యత్నానికీ 'ఆరు', 'ఆరు కాదు' అని రెండేసి కొమ్మలు చీల్చుతూ చెట్టు పటం గీస్తే చివరికి 32 కొమ్మలు వస్తాయి. సూత్రంలోకి సంయోగాల సంఖ్య ఎందుకు వచ్చిందో తెలియడానికి ఈ పటం బాగా పనికివస్తుంది కానీ, చాలామంది తప్పులో కాలేసేదీ ఇక్కడే. రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఆరులున్న కొమ్మలు 26 కనుక జవాబు 26/32 అని రాసేస్తారు. కొమ్మలన్నీ సమసంభవాలైతేనే, అంటే అన్నింటి సంభావ్యతా ఒకటే అయితేనే, అది చెల్లుతుంది. నాణేనికి సరిపోయే ఆ లెక్క పాచికకు సరిపోదు.

సూత్రాన్ని నేరుగా వాడితే 2, 3, 4, 5 ఆరులకు విడివిడిగా లెక్కకట్టాలి. హారం 7776 కాగా, లవాలు వరుసగా 1250, 250, 25, 1. వాటి మొత్తం 1526, అంటే సంభావ్యత సుమారు 0.196.

పూరక ఘటన (అంటే మనకు కావలసినది జరగకపోవడం) పద్ధతిలో అక్కర్లేని రెండు సందర్భాలనే చూస్తాం. ఒక్క ఆరూ పడకపోవడానికి లవం 3125. సరిగ్గా ఒక్కటే పడడానికీ, చిత్రంగా, అదే 3125. 7776 నుంచి 6250 తీసివేస్తే మళ్లీ 1526 వస్తుంది. సగం శ్రమతో పని అయిపోయింది కనుక ఈ ప్రశ్నకు నా ఓటు దీనికే.

అలాగని 'కనీసం' అన్న మాట కనబడగానే 1 నుంచి తీసివేయడం అలవాటు చేసుకోకూడదు. కనీసం నాలుగు ఆరులు కావాలంటే నేరుగా 25, 1 కూడితే 26/7776 వచ్చేస్తుంది. పూరక ఘటనతో అయితే నాలుగు పదాలు లెక్కించాలి. ఏ వైపు పదాలు తక్కువగా ఉంటే ఆ వైపు నుంచి మొదలుపెట్టడమే మేలు.

విభాజనం మొత్తం కావలసినప్పుడు మాత్రం ఈ రెండింటికన్నా పునరావృత సంబంధం (ఒక పదం నుంచి తర్వాతి పదాన్ని రాబట్టే పద్ధతి) మేలు. 3125తో మొదలుపెట్టి వరుసగా 1, 2/5, 1/5, 1/10, 1/25లతో గుణించుకుంటూ పోతే 3125, 1250, 250, 25, 1 వాటంతటవే వస్తాయి. ఘాతాలను ఒక్కసారి లెక్కిస్తే చాలు.

సంచిలోంచి బంతులు తీసి తిరిగి వేయకపోతే మాత్రం సంభావ్యత ప్రతిసారీ మారుతుంది కనుక, అక్కడ ఈ సూత్రమే వర్తించదు.