ఆగస్టులో ఫిలిప్పీన్స్: పడమట వాన, తూర్పున ఎండ

ఆగస్టులో ఫిలిప్పీన్స్ వెళ్తున్నామంటే వద్దన్నవాళ్లే ఎక్కువ. "తుఫాన్ల కాలంలో ఎవరైనా అటు వెళ్తారా?" అన్నారు. మా తమ్ముడి కూతురు దావావోలో మెడిసిన్ చదువుతోంది. దానికి నాలుగు రోజులు తీరిక దొరికేది అప్పుడే. భారతీయులకు వీసా లేకుండా 14 రోజులు ఉండనిస్తున్నారు, కానీ ఆ గడువు పొడిగించరు. పదమూడో రోజున తిరుగు టికెట్ తీసుకుని బయల్దేరాం.

ముందే తెలిసి ఉంటే బాగుండేదనిపించిన సంగతి ఒకటుంది. ఆ దేశమంతటికీ ఒకే వానాకాలం లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీచే నైరుతి గాలిని వాళ్లు హబగాత్ అంటారు. అది మనీలా, బొరాకాయ్, పలావన్ ఉన్న పడమటి వైపును తడుపుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వీచే ఈశాన్య గాలి పేరు అమిహన్. సమార్ లాంటి తూర్పు తీరాలకు పెద్ద వానలు అప్పుడే. మనకు నైరుతిలో ముంబై, ఈశాన్యంలో నెల్లూరు తడిసినట్టన్నమాట. అందుకని అక్కడ నెల ఒక్కటే చూసుకుంటే సరిపోదు, తీరం కూడా చూసుకోవాలి. మేం నెల చూశాం, తీరం చూడలేదు.

మనీలాలో రెండు రాత్రులున్నాం. రెండో రోజు సాయంత్రం గంట వానకే ఎస్పాన్యా బౌలెవార్డ్‌లో మోకాలి లోతు నీళ్లు. వానాకాలంలో వెళ్తే ఆ చుట్టుపక్కల గది తీసుకోకండి. మకాటీ వైపు అద్దె ఎక్కువైనా గ్రాబ్ కారు గుమ్మం దాకా వస్తుంది.

మా పొరపాటు బొరాకాయ్‌లో బయటపడింది. ఫొటోలు చూసి వైట్ బీచ్‌కు ఎదురుగా, సముద్రం కనిపించే గదికి మూడు రాత్రుల డబ్బు ముందే కట్టేశాం. వైట్ బీచ్ ఉన్నది దీవికి పడమటి వైపు. హబగాత్ నేరుగా అక్కడే కొడుతుంది. దుకాణాల ముందు నిలువెత్తు ప్లాస్టిక్ తెరలు కట్టి ఉన్నాయి, ఇసుక మన మీదికి లేవకుండా. కిటికీ తెరిస్తే జల్లు లోపలికే. గది మార్చమంటే కుదరదన్నారు, డబ్బు వెనక్కివ్వమంటే అసలే కుదరదన్నారు. మా ఆవిడకు జ్వరం తగిలింది. రెండో రాత్రికి ఆ డబ్బు వదిలేసుకుని, దీవికి అవతలి పక్కనున్న బులబోగ్ బీచ్‌కు మారిపోయాం. నడిచి దాటేంత సన్నటి దీవి అది. ఇవతల కెరటాలు విరుచుకుపడుతుంటే అవతల నీళ్లు చెరువులా ఉన్నాయి! పర్యాటకుల పడవలన్నీ అక్కడే లంగరేసుకుని ఉన్నాయి. ఎదుటి దీవిలోని కాటిక్లాన్ నుంచి వచ్చే పడవలు కూడా ఈ కాలంలో కాగ్బాన్ రేవు వదిలి తూర్పు వైపు తంబిసాన్ రేవుకు వస్తుంటాయి. అమిహన్ కాలంలో అంతా తిరగబడుతుంది. వైట్ బీచ్ నిమ్మళిస్తే, బులబోగ్‌లో గాలిపటాలు కట్టుకుని నీళ్ల మీద జారే ఆటగాళ్లు దిగుతారు.

బులబోగ్ గదికి సముద్రం కనిపించదు, ఏసీ చప్పుడు చేస్తుంది. అయినా అది నడిపే దంపతులు జ్వరమని చెప్పగానే సినిగాంగ్ చేసి పెట్టారు. చింతపండు పులుపుతో చేసే చేపల చారు అది. మా ఆవిడ రెండు గిన్నెలు తాగింది. నా లెక్కలో ఈ యాత్రలోకెల్లా మంచి బస అదే.

ఆ రోజుల్లోనే ఒక తుఫాను తైవాన్ వైపు వెళ్తోంది. మాకు వందల కిలోమీటర్ల దూరం. అయినా పడవలు ఆపేశారు. తుఫాను ఉత్తరాన ఉన్నా హబగాత్ గాలిని తనవైపు లాగుతుందట, దాంతో పడమటి తీరమంతా రోజుల తరబడి కురుస్తుంది. అక్కడి వాతావరణ శాఖ పేరు పగాసా. వాళ్ల హెచ్చరికలు మన రేవుల్లో ఎగరేసే ఒకటి నుంచి పదకొండు నంబర్ల లాంటివి కావు. జిల్లాల వారీగా ఒకటి నుంచి ఐదు వరకే ఉంటాయి. ఒకటో సిగ్నల్ అంటే 36 గంటల్లోపు గంటకు 39 నుంచి 61 కిలోమీటర్ల గాలి రావచ్చని అర్థం. ఐదు అంటే 185 దాటిన గాలి, అదీ 12 గంటల్లోపే. మా చోట ఏ సిగ్నలూ లేదు. కోస్ట్ గార్డ్ మాత్రం కెరటాలు చూసి పడవలకు సెలవిచ్చింది. మా విమానం తప్పిపోయింది. టికెట్ ఉచితంగానే మార్చారు కానీ, కౌంటర్ దగ్గర నాలుగు గంటలు నిలబెట్టారు. ముసలివాళ్లకు కుర్చీ వేసే దిక్కు కూడా లేదు. అది నాకు చాలా బాధనిపించింది. దీవి దాటాల్సిన ప్రతిచోటా ఒక రోజు ఖాళీగా పెట్టుకోండి. గడువు దాటకుండా మేం ఇల్లు చేరింది ఆ ఖాళీ రోజుల వల్లే.

దావావో చాలా దక్షిణాన, సుమారు ఏడు డిగ్రీల అక్షాంశంలో ఉంటుంది. తుఫాన్లు ఎక్కువగా దానికి ఉత్తరం నుంచే పోతాయి. అలాగని అటు అసలు రావనుకోకూడదు. 2012 డిసెంబరులో పాబ్లో అనే తుఫాను దావావో ఓరియెంటల్ జిల్లాను తుడిచిపెట్టింది. మేమున్న మూడు రోజులూ సాయంత్రాలు కాసేపు వాన పడింది, అంతే. పిల్లలు అద్దె ఇంట్లో పప్పుచారు కాచి పెట్టారు. ఊరంతా దురియన్ పండ్ల వాసన. దూరంగా అపో కొండ ఒక్క ఉదయమే కనిపించింది. తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి వెళ్తే హోటల్ వెతుక్కోవద్దు, కాలేజీ దగ్గర నెలవారీ గదులు విడిగా రోజులకు కూడా ఇస్తున్నారు.

అక్కడి నుంచి సెబూలో విమానం మారి తక్లోబాన్ వెళ్లాం. అక్కడ తెల్లటి ఎండ.

తక్లోబాన్ వెళ్దామన్నది నేనే. మాది నాగాయలంక దగ్గరి పల్లె. దివిసీమను సముద్రం ముంచెత్తిన 1977 నవంబరు 19 రాత్రి గురించి వింటూ పెరిగాను. తక్లోబాన్‌కు అలాంటి రోజు 2013 నవంబరు 8. ఆ తుఫానును ప్రపంచం హైయాన్ అంటుంది, వాళ్లు యోలాండా అంటారు. దేశం మొత్తం మీద అధికారికంగా చనిపోయినవాళ్లు 6,300 మంది. అంత ప్రాణనష్టం చేసిన తుఫాను పేరును పగాసా మళ్లీ వాడదు, జాబితాలోంచి తీసేస్తుంది. అనిబోంగ్‌లో ఇళ్ల మీదికి కొట్టుకొచ్చిన ఒక ఓడ ముందుభాగాన్ని స్మారకంగా అక్కడే ఉంచేశారు. దాని పక్కన నిలబడి చూస్తే మనిషి దాని సగం ఎత్తుకైనా రాడు.

మేం దిగిన ఇల్లు నడిపే పెద్దావిడను అందరూ ఆతే అంటారు. అక్క అని. కింద గదులు ఖాళీగా ఉన్నా, మా మోకాళ్లు చూసి కూడా, పై అంతస్తే ఇచ్చింది. జనరేటర్ ఎక్కడుందో, కరెంటు పోతే టార్చి ఎక్కడ దొరుకుతుందో ముందే చూపించింది. యోలాండా వచ్చినప్పుడు గాలి గురించి వాళ్లకు గట్టిగానే చెప్పారట. "స్టార్మ్ సర్జ్ వస్తుందని రేడియోలో అన్నారు. ఆ మాటకు అర్థం మాకు తెలీలేదు. సునామీ అని ఉంటే కొండెక్కేవాళ్లం" అంది. మీ భాషలో దానికి మాట ఉందా అని అడిగింది. ఉంది, ఉప్పెన అని చెప్పాను. మా అమ్మ ఆ మాటను ఎప్పుడూ గొంతు తగ్గించి పలికేదని కూడా చెప్పాను. ఆతే నాలుగైదుసార్లు పలికి చూసి, కాయితం మీద రాసిమ్మంది.

ఆ ఊరి విమానాశ్రయం సముద్రంలోకి పొడుచుకొచ్చిన సన్నటి నేల మీద ఉంది. ఉప్పెన దాన్ని కూడా ఊడ్చేస్తే మళ్లీ కట్టుకున్నారు. విమానం లేస్తుంటే కిటికీలోంచి రెండు పక్కలా నీళ్లే కనిపించాయి, ఎండకు తళతళలాడుతూ, కెరటమన్నదే లేకుండా.