ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కంపెనీలు: చాలాకాలం వాడాక నా మాట

ఎవరైనా చేరి గీయగల, దిద్దగల ఉచిత ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మా దివిసీమ ఊళ్లు గీయడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఫోన్‌లో దారి చూసుకోవడానికీ అదే డేటాతో నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ వాడతాను. 2004లో స్టీవ్ కోస్ట్ ఇంగ్లండ్‌లో మొదలుపెట్టిన ఈ పటాన్ని ఇప్పుడు వలంటీర్లతో పాటు మెటా, మైక్రోసాఫ్ట్, యాపిల్, అమెజాన్ లాంటి కంపెనీల జీతగాళ్ల టీములు కూడా దిద్దుతున్నాయి. వాళ్లు రావడం మంచిదేనా అని కొత్తవాళ్లు అడుగుతుంటారు.

మేలు జరిగిన మాట నిజం. బింగ్ ఉపగ్రహ చిత్రాల మీద గీసుకోవడానికి మైక్రోసాఫ్ట్ 2010లో అనుమతి ఇచ్చింది. అది లేకపోతే జీపీఎస్ పట్టుకుని ప్రతి డొంకా తిరగాల్సిందే. మెటా 2019లో తెచ్చిన రాపిడ్ ఎడిటర్‌లో ఏఐ పసిగట్టిన రోడ్లు మెజెంటా గీతలుగా కనిపిస్తాయి. మనం ఒప్పుకుంటేనే పటంలోకి ఎక్కుతాయి. ఊరికీ ఊరికీ మధ్య రోడ్లు దీంతో చాలా త్వరగా పూర్తవుతాయి.

చిక్కంతా ఆ ఒప్పుకునే దగ్గరే. డెల్టాలో పైనుంచి చూస్తే కాలువ గట్టూ, డొంకా, చేపల చెరువు కట్టా ఒక్కలాగే ఉంటాయి. గట్టు మీద బైకు పోతుంది, కారు పోదు. వానలు పడితే బైకూ పోదు. ఒక కంపెనీ టీము మా వైపు అలాంటి గట్లను వరసగా మామూలు రోడ్లుగా వేసేసింది. చేంజ్‌సెట్ (ఒకసారి చేసిన మార్పుల మూట) కింద వ్యాఖ్య రాసి అడిగితే, చిత్రంలో రోడ్డులాగే ఉందని మర్యాదగానే జవాబిచ్చారు. కొన్ని వాళ్లు సరిచేశారు, మిగతావి మేమే కూర్చుని దిద్దుకున్నాం. ఇక పేర్లయితే ఏ ఉపగ్రహానికీ కనిపించవు. రేవు పేరు, పేట పేరు, లాకుల పేరు తెలుగులో చేర్చాలంటే ఆ ఊరి మనిషే కావాలి. పటంలో నాకు అన్నిటికన్నా విలువైనవి అవే.

ఇలాంటి టీములు పని మొదలుపెట్టే ముందే చెప్పాలని, అడిగినవాళ్లకు జవాబివ్వాలని ఈ పటానికి అండగా ఉండే లాభాపేక్షలేని సంస్థ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ 2018లో మార్గదర్శకాలు తెచ్చింది. వాటిని పాటించే టీములతో నాకు ఏ ఇబ్బందీ లేదు. ఫౌండేషన్‌కు కార్పొరేట్ సభ్యులు చందా కడతారు, సలహా మండలిలో కూర్చుంటారు. బోర్డు ఎన్నికల్లో మాత్రం కంపెనీకి ఓటు లేదు. ఆ ఏర్పాటు కదలనంతవరకు కంపెనీలు వద్దని నేను అనను.

2022 డిసెంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్, మెటా, మైక్రోసాఫ్ట్, పటాల కంపెనీ టామ్‌టామ్ కలిసి ఓవర్‌చర్ మ్యాప్స్ అనే ఉమ్మడి సంస్థ పెట్టాయి. మన డేటాను వేరే డేటాతో కలిపి విడుదల చేస్తాయి. లైసెన్సు ప్రకారం తప్పేమీ లేదు. కానీ తప్పులు అక్కడే దిద్దుకుని ఊరుకుంటే ఆ దిద్దుబాటు ఇక్కడికి చేరదు. నా బెంగ దాని గురించే.

కొత్తగా చేరేవాళ్లు రాపిడ్‌తో కాకుండా స్ట్రీట్‌కంప్లీట్ అనే ఫోన్ యాప్‌తో మొదలుపెట్టండి. వీధిలో నిలబడితే ఈ రోడ్డు సిమెంటుదా, మట్టిదా అని అదే అడుగుతుంది. రాపిడ్ తర్వాత పట్టుకోవచ్చు, అదీ మీరు తిరిగిన ఊళ్లకే.