కోత నెల రాసి ఉన్న పొట్లం: అరకు అరాబికా గింజలు

కాఫీ పొట్లం మీద వేయించిన తేదీ ఉంటే చాలునని చాలాకాలం నమ్మాను. విశాఖపట్నంలో గింజలను తామే వేయించి అమ్మే ఒక చిన్న దుకాణంలో ఏప్రిల్‌లో ఒకసారి, నవంబర్‌లో మరోసారి కొన్న అరకు అరాబికా రకం కాఫీ ఆ నమ్మకాన్ని సరిదిద్దింది. రెండూ 250 గ్రాముల పొట్లాలే, రెండూ మధ్యస్థంగా వేయించినవే, రెండూ వేయించిన వారంలోపే నా చేతికి వచ్చాయి. రెండింటి వెనుకా చిన్న అక్షరాలతో ఒకే మాట ఉంది: "కోత: డిసెంబర్–జనవరి". రెండూ ఒకే కోత గింజలన్నమాట.

ఏప్రిల్ పొట్లంలోని గింజలను చేతి మరలో పొడి చేసి, స్టీలు ఫిల్టర్‌లో వేసి, వేడినీళ్లు కొద్దిగా పోయగానే పొడి పైకి ఉబ్బి బుడగలు లేచాయి. వేయించేటప్పుడు గింజలో పుట్టి లోపలే చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ బయటికి రావడమే ఆ పొంగుకు కారణం. డికాషన్‌ను ఉత్తగా తాగి చూస్తే మొదట బెల్లపు తీపి, చివర కమలాపండు పులుపు తగిలాయి. చికోరీ వేరు పొడి కలపని కాఫీ పలుచగా ఉంటుందంటూ మొదట దాన్ని ఒప్పుకోని మా అమ్మ, మూడో రోజు నుంచి తన గ్లాసులో పాలు తగ్గించమంది.

నవంబర్ పొట్లంలోని పొడి కూడా అంతే చక్కగా పొంగింది. నన్ను ఆలోచింపజేసింది అదే. పొంగు ఉంది, రుచి మాత్రం చప్పబడింది. కమలాపండు పులుపు పోయి, ఎండుకట్టె, గోనెసంచి వాసన మిగిలాయి. వేయించిన తేదీ గింజకు రెండో వయసును మాత్రమే చెబుతుంది. మొదటి వయసు పండు కోసిన నాటి నుంచే మొదలవుతుంది. ఎండబెట్టిన పచ్చి గింజలో 10 నుంచి 12 శాతం తేమ ఉంటుంది, ఆ తేమను కాపాడుతూ చల్లటి చోట నిలవ చేయకపోతే నెలలు గడిచేకొద్దీ దానిలోని సువాసన తగ్గిపోతుంది. పాత బియ్యానికీ పాత చింతపండుకూ విలువనిచ్చే మన వంటింటి లెక్క కాఫీకి పనికిరాదు. మలబారు తీరంలో గింజలను కావాలనే రుతుపవనాల తేమగాలికి ఆరబోసి తయారుచేసే మాన్‌సూన్డ్ మలబార్ వేరే సంగతి. దాని రుచే ఆ గాలిది.

కోత కాలం ప్రపంచమంతటా ఒకటి కాదు. వానలు పడ్డాక కాఫీ చెట్టు పూస్తుంది, అరాబికా పండు పండడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. మన అరకు, పాడేరు కొండల్లో వేసవి జల్లులకు పూసిన చెట్లు చలికాలంలో కోతకు వస్తాయి. ఇథియోపియాలో కూడా సుమారుగా అక్టోబర్ నుంచి జనవరి దాకా కోస్తారు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న బ్రెజిల్‌లో కోత మే నుంచి సెప్టెంబర్ వరకు సాగుతుంది. ఏటా రెండు వానకాలాలు ఉండే కెన్యా, కొలంబియాల్లో కోతలూ రెండే. కొలంబియాలో చాలాచోట్ల ఏడాది చివర పెద్ద కోత, ఏప్రిల్–జూన్‌లలో మితాకా అనే చిన్న కోత ఉంటాయి, కొన్ని ప్రాంతాల్లో ఇది తారుమారవుతుంది. మన కోత చలికాలంలో కాబట్టి అరకు గింజలను మార్చి నుంచి ఆగస్టు దాకా కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

గాలిని లోపలికి రానీయకుండా వాయువును బయటికి పంపే కవాటం పొట్లానికి ఉంది, బాగుంది. మళ్లీ మూసుకునే పట్టీ మాత్రం నాలుగు రోజులకే ఊడిపోయింది, గింజలను డబ్బాలోకి మార్చుకోవలసి వచ్చింది. పాత కోత అని తెలిసే నవంబర్‌లోనూ అదే ధర తీసుకోవడం నాకు నచ్చలేదు, అయినా కోత నెలను దాచకుండా ముద్రించినందుకు ఆ దుకాణాన్ని గౌరవిస్తాను.

కొత్త కోత గింజలను మార్చి మొదటి వారంలో వేయిస్తామని వారు చెప్పారు. అప్పటిదాకా బ్రెజిల్ గింజలు తీసుకోమన్నారు. ఈ ఏటి కోతవి అయితే అవి ఇప్పుడు మంచి దశలో ఉండాలి, నిరుటివి అయితే ఏడాది దాటినట్లే. ఆ పొట్లం మీద కోత నెల లేదు. అడిగితే, తమకు అమ్మినవారు చెప్పలేదన్నారు. నేను కొనలేదు.