హనుమకొండను వరంగల్ అంటే ఊరుకోరు

కాజీపేటలో రైలు దిగి ఆటో ఎక్కగానే అమ్మ "వరంగల్ వచ్చేశాం" అంది. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "ఇది కాజీపేట అమ్మా. మీరు వెళ్లేది హనుమకొండ. వరంగల్ ఇంకా అవతల" అన్నాడు. మూడూ ఒకే నగరపాలక సంస్థ కింద ఉన్నాయి కదా అన్నాను. "పన్ను కట్టేది ఒక్కచోటే, ఊరు మాత్రం మాది మాదే" అన్నాడు.

ఆ గర్వానికి పాత ఆధారమే ఉంది. ఓరుగల్లు కోట లేవకముందు కాకతీయుల రాజధాని అనుమకొండ. పశ్చిమ చాళుక్యులకు సామంతులుగా ఉన్న ఈ వంశం స్వతంత్రమైందని చాటే రుద్రదేవుడి శాసనం, 1163 నాటిది, వేయిస్తంభాల గుడిలోనే ఉంది. కోట కట్టాక సింహాసనం అటు వెళ్లిపోయింది. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా పేరు హనుమకొండ అయ్యాక, పోయిన పరువు కొంత తిరిగొచ్చినట్టే ఇక్కడివాళ్లు మాట్లాడుతున్నారు.

బస చౌరస్తా దగ్గర ఒక లాడ్జిలో. గది శుభ్రం, దుప్పట్లు ఉతికినవే. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లన్నారు కానీ ఉదయం ఎనిమిది దాటితే కుళాయిలో వచ్చేది చన్నీళ్లే. అడిగితే, "ఏడుకే స్నానం చేయాల్సింది" అని నాకే బుద్ధి చెప్పారు. వీధివైపు గది తీసుకోకండి, అర్ధరాత్రి దాకా హారన్లే. అయినా మళ్లీ వస్తే ఈ చౌరస్తా దగ్గరే దిగుతాను. బస్టాండు, గుడి, టిఫిన్లు అన్నీ నడిచే దూరంలో ఉన్నాయి.

వేయిస్తంభాల గుడికి పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నమైతే ఆ రాతినేల మీద పాదం ఆనదు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భాలయాలు. వేయి లెక్కపెట్టే పని పెట్టుకోకుండా ఒక్క స్తంభం దగ్గరే నిలబడ్డాం. నల్లరాతిలో చుట్టూ తిరిగిన గాడులు, ఒకటి సన్నం, ఒకటి లావు, అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. అమ్మ వేలితో ఒక గాడి వెంట చుట్టూ రాసి, "అప్పడాల కర్రలా చరఖు మీద తిప్పి చేశారే దీన్ని" అంది. నంది ఒంటి మీద గంటల పట్టెడ కూడా అంతే నునుపు. ఎదుటి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి తిరిగి నిలబెట్టడానికి ఏళ్లు పట్టింది, 2024 శివరాత్రికి గానీ తెరవలేదు. కొత్త రాళ్ల రంగు తేడా ఇట్టే తెలిసిపోతుంది. నాకు అది నచ్చింది, దాచిపెట్టలేదు కదా.

పద్మాక్షి గుట్ట మెట్లెక్కడం అమ్మకు కష్టమైనా ఎక్కింది. ఇప్పుడు బతుకమ్మ సంబరానికి పేరున్న ఈ గుట్ట మొదట జైనులది. బండకు చెక్కిన తీర్థంకరుల బొమ్మలు గుడి దగ్గర ఇంకా ఉన్నాయి, దండం పెట్టేవాళ్లు అమ్మవారికీ పెడుతున్నారు, వాళ్లకూ పెడుతున్నారు. ఆ బొమ్మలు ఎవరివో చెప్పే ఫలకం ఒక్కటి మంచిది పెడితే ఎంత బాగుండును!

సాయంత్రం కాజీపేట. అఫ్జల్ బియాబానీ దర్గాలో పక్కన కూర్చున్నావిడ నుదుట కుంకుమ, చేతిలో పూలచాదర్. అక్కడి నుంచి ఫాతిమా నగర్ చర్చికి వెళ్లేసరికి చీకటి పడింది. ఢిల్లీ, విజయవాడ, సికింద్రాబాద్ దారులు కలిసే జంక్షన్ కాబట్టి ఎక్కడెక్కడివాళ్లో ఉద్యోగాలకొచ్చి ఇక్కడే ఉండిపోయారు. టీ కొట్టు దగ్గర ఒకే బల్ల మీద తెలుగు, ఉర్దూ, తమిళం వినిపించాయి. టీ మాత్రం మరీ తీపి.

షేర్ ఆటోలే నయం. విడిగా ఎక్కితే దూరం తెలియనివాడని చూసి రెట్టింపు చెబుతారు, మేము ఒకసారి ఇచ్చుకున్నాం. తిరుగు ప్రయాణానికి హనుమకొండ బస్టాండులో ఉప్పల్ బస్సు ఎక్కాం. దారిలో సర్వపిండి పొట్లం విప్పుతూ అమ్మ చెల్లెలికి ఫోన్ చేసింది: "ఆఁ, హనుమకొండ నుంచి వస్తున్నాం. వరంగల్ చూడలేదు."