లువార్ నది వెంట బృంద సైకిల్ యాత్ర: పలు వేసవుల అనుభవంతో ఒక సమీక్ష

ఫ్రాన్సు పల్లెసీమల్లో సైకిళ్ల మీద దూరప్రయాణం చేయదలచిన బృందానికి ఏ దారి మంచిదని ఎవరైనా అడిగితే, నేను లువార్ నది దారినే చెబుతాను. ‘లా లువార్ ఎ వేలో’ అనే ఈ మార్గం నెవేర్ పట్టణానికి దగ్గరలో ఉన్న క్యుఫీ గ్రామం వద్ద మొదలై, అట్లాంటిక్ తీరంలోని సాన్ బ్రెవాన్ లే పాన్ వరకు సుమారు 900 కిలోమీటర్లు సాగుతుంది. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా పోయే ‘యూరోవెలో 6’ అనే సుదూర సైకిల్ మార్గంలో ఇది ఒక భాగం. వయసులోనూ ఓపికలోనూ ఏమాత్రం సమానం కాని మిత్రులతో, బంధువులతో కలిసి పలు వేసవుల్లో ఈ దారిన తిరిగిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఇక్కడ బృందాన్ని అలసట కన్నా, దూరం కన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఆ పల్లెల్లో భోజనశాలలు, దుకాణాలు తెరిచి ఉండే వేళలే అన్నది నా నిశ్చితాభిప్రాయం.

ముందుగా దారి సంగతి. వరదల నుంచి ఊళ్లను కాపాడడానికి మధ్యయుగాల నుంచి కట్టుకుంటూ వచ్చిన కరకట్టల మీద చాలా దూరం ప్రయాణం సాగుతుంది. మిగిలినదంతా వాహనాలు అరుదుగా వచ్చే పల్లె రోడ్లు, కాలువ గట్లు, ద్రాక్ష తోటల మధ్య బాటలు. ఆకుపచ్చ సూచిక పలకలు ప్రతి మలుపులోనూ ఉంటాయి కనుక పటం తీయవలసిన అవసరం పెద్దగా రాదు. అయితే దారి అంతటా తారు ఉంటుందని అనుకోకూడదు. గట్టిపరచిన సున్నపు కంకర బాటలు మైళ్ల కొద్దీ వస్తాయి. ఎండలో అవి హాయిగానే ఉంటాయి కానీ, ఒక్క జల్లు పడిందంటే తెల్లని బురద చైనుకూ బ్రేకులకూ అంటుకుని, ఆరిన తరువాత సున్నం పూసినట్టు గట్టిపడుతుంది. సన్నని రేసు టైర్లు ఇక్కడ పనికిరావు. 35 మిల్లీమీటర్ల వెడల్పు టైరు, మడ్‌గార్డు, సాయంత్రం చైను తుడుచుకోవడానికి ఒక పాత గుడ్డ ఉంటే చాలు. అద్దె సైకిళ్లను ఒక ఊరిలో తీసుకుని మరొక ఊరిలో అప్పగించే సదుపాయం ఉంది. మేము ఒకచోట తీసుకున్న సైకిళ్లలో రెండింటికి బ్రేకు రబ్బర్లు ఇనుము దాకా అరిగిపోయి ఉన్నాయి. అందువల్ల ఎంత పేరున్న దుకాణమైనా సరే, ప్రతి సైకిలునూ వీధి చివరిదాకా తొక్కి, బ్రేకులు గట్టిగా పట్టి చూసుకున్న తరువాతే సంతకం చేయాలని నా మాట.

ఇక వేళల విషయం. ఫ్రెంచి పల్లెలో మధ్యాహ్న భోజనం పన్నెండు నుంచి రెండు గంటల లోపే దొరుకుతుంది. రెండు దాటిన తరువాత వంటగది మూసేస్తారు, మళ్లీ ఏడు గంటలకు గాని తెరవరు. చిన్న దుకాణాలు కూడా మధ్యాహ్నం తలుపులు వేసుకుంటాయి. ఆదివారం మధ్యాహ్నం నుంచి ఊరంతా నిద్రపోతున్నట్టు ఉంటుంది. సోమవారం చాలా రొట్టె దుకాణాలకు సెలవు. ఒంటరిగా వెళ్లేవారు సంచిలో రెండు అరటిపండ్లతో సర్దుకోగలరు గాని, పది మంది ఆకలితో ఒకేసారి ఒక కూడలిలో దిగి, మూసిన తలుపుల ముందు నిలబడితే అప్పటిదాకా ఉన్న సఖ్యత గంటలో చెదిరిపోతుంది. పంక్చరు వేసుకుంటూ మధ్యాహ్నం రెండున్నరకు ఊరు చేరిన ఒక రోజున, సొంత అన్నదమ్ములే ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోవడం నేను చూశాను. అందుకే రోజు ప్రణాళికను కిలోమీటర్లతో కాక భోజనం ఊరితో మొదలుపెట్టాలి. ఉదయం ఎనిమిదికి బయలుదేరి పదకొండున్నరకల్లా ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లు తొక్కి భోజనం ఊరు చేరాలి, మధ్యాహ్నం తరువాత ఇరవైకి మించకుండా చూసుకోవాలి. నలభై దాటిన వయసువారు, కొత్తగా సైకిలు పట్టినవారు ఉన్న బృందానికి ఇదే సరైన కొలత. రోజుకు ఎనభై, తొంభై పెట్టుకుని వచ్చిన బృందాలు సాయంత్రం ఎవరి మొహం వారు చూసుకోకుండా కూర్చోవడం దారిలో తరచుగా కనిపిస్తుంది.

నీటికి ఒక ఉపాయం అక్కడి సైకిలు ప్రయాణికులందరికీ తెలుసు. ప్రతి గ్రామంలోనూ శ్మశానం ఉంటుంది, సమాధుల మీది పూలకు నీళ్లు పోయడానికి గేటు దగ్గరే కుళాయి ఉంటుంది. ‘నాన్ పొటాబ్ల్’ అనే పలక ఉంటే ఆ నీళ్లు తాగకూడదు, అది లేదని చూసుకుని సీసాలు నింపుకోవచ్చు. మనవాళ్లలో కొందరు మొదట గేటు లోపలికి అడుగు పెట్టడానికి వెనుకాడారు, కానీ జూలై ఎండలో ఆ సంకోచం ఎక్కువసేపు నిలవలేదు.

శాకాహారులకు ఈ యాత్ర కష్టమన్న మాట పూర్తిగా నిజం కాదు. పల్లె భోజనశాలలో మేక జున్ను సలాడ్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఆ జున్నుకు ఈ నదీతీరం పుట్టినిల్లు. సాన్సేర్ కొండ పక్కనున్న షావిన్యోల్ జున్ను గుండ్రని బిళ్లలుగా వస్తుంది. టూర్ నగర ప్రాంతపు సాంత్ మోర్ జున్ను పొడుగ్గా ఉండి, మధ్యలో ఒక గడ్డిపరక గుచ్చి ఉంటుంది. అయితే సలాడ్ పైన పంది మాంసపు ముక్కలు చల్లడం మామూలు కాబట్టి, ‘సాన్ లార్దోన్’ (ఆ ముక్కలు లేకుండా) అన్న రెండు మాటలు బృందంలో అందరికీ కంఠతా వచ్చి ఉండాలి. రోజూ రొట్టె తిని విసిగినవారికి శిబిర స్థలాల్లో వండుకునే అవకాశం ఉంది. చిన్న ఊళ్లలో పురపాలక సంఘాలే నడిపే ఆ శిబిరాలు శుభ్రంగా, చవకగా ఉంటాయి. ఇదే నది ఎగువన ల పుయ్ ప్రాంతంలో పండే ఆకుపచ్చ పప్పు ప్రతి దుకాణంలోనూ దొరుకుతుంది. అది ఉడికినా మెదగదు, చారుకు నప్పదు. ‘లాంతీ కొరాయ్’ పేరుతో అమ్మేది మన మైసూరుపప్పే. పావుగంటలో మెత్తబడుతుంది, గ్యాసు మిగులుతుంది. ఇంటి నుంచి ఇంగువ, ఎండుమిరప, ఒక చిన్న సీసాలో చింతపండు గుజ్జు తెచ్చుకున్నవారిని మా బృందంలో రాజుల్లా చూసుకున్నాము.

బృందంలో ఆరు నుంచి ఎనిమిది మంది ఉంటే అన్నీ సులువు. అంతకు మించితే భోజనశాలలో బల్ల దొరకదు, రైల్లో సైకిళ్లకు చోటు దొరకదు. మోటారు సాయం ఉన్న సైకిళ్లను ఒకరిద్దరు బలహీనులకు ఇవ్వడం న్యాయమే. చట్టం ప్రకారం ఆ సాయం గంటకు 25 కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది కనుక వారు మిగిలినవారిని మరీ దాటిపోరు. కానీ స్టేషను మెట్ల మీద ఆ బరువును ఎత్తేవారు కూడా బృందంలోనే ఉండాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. తొక్కుతూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం ఎవరికైనా నిషిద్ధం.

తూర్పు నుంచి పడమరకు వెళ్లాలా, సముద్రం నుంచి ఎగువకు రావాలా అన్న చర్చ ఎప్పటికీ తెగదు. నది దిగువకు పోతున్నాము కాబట్టి తేలిక అనుకోవడం సరికాదు. నెవేర్ దగ్గర ఎత్తు రెండువందల మీటర్లకు లోపే, ఆ వాలు 900 కిలోమీటర్ల మీద పరుచుకుంటే కాళ్లకు తెలియనే తెలియదు. పడమటి గాలి మాత్రం బాగా తెలుస్తుంది. ఆంజే నగరం దాటిన తరువాత మధ్యాహ్నం వేళ అది ఎదురు నిలిచి వేగాన్ని సగానికి తగ్గిస్తుంది. అయినా నేను తూర్పు నుంచే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే నెవేర్, బ్రియార్ మధ్య జనం తక్కువ. బ్లువా, టూర్ మధ్య రద్దీలోకి వచ్చేసరికి బృందానికి వరుసలో తొక్కడం అలవాటవుతుంది. గాలి ఎదురైనప్పుడు బలమైనవారు ముందు, నెమ్మదైనవారు వెంటనే వెనుక ఉండే పద్ధతి ఈ దారికి బాగా సరిపోతుంది.

చూడదగినవి లెక్కలేనన్ని. సుల్లీ నుంచి షాలోన్ వరకు నదీలోయను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోటలన్నీ చూడాలనుకునే బృందం ఏదీ నిమ్మళంగా చూడలేదు. 1519లో కట్టడం మొదలైన షాంబోర్ కోటకు ఒక పూట, లియొనార్డో డా విన్చీ కన్నుమూసిన ఆంబ్వాజ్‌కు ఒక పూట ఇచ్చి, మిగిలినవి బయటి నుంచి చూసి సాగిపోవడం మేలు. నన్ను మళ్లీ మళ్లీ ఆపినవి వేరే ఉన్నాయి. బ్రియార్‌లో 1896లో తెరిచిన 662 మీటర్ల వంతెన మీద ఒక కాలువే నది పైనుంచి దాటుతుంది. పక్కనున్న సన్నని బాట మీద సైకిళ్లను నడిపించుకుంటూ వెళితే ఒక పక్కన పడవలు, చాలా కింద లువార్ ఇసుక తిన్నెలు కనిపిస్తాయి. నది ఒడ్డున ఎన్నో ఊళ్లలో ఇళ్ల గోడల మీద, వంతెన స్తంభాల మీద 1846, 1856, 1866 అని మూడు గీతలు చెక్కి ఉంటాయి. అవి ఆయా సంవత్సరాల వరద నీటి మట్టాలు. తలకు పైన ఉన్న గీతను చేత్తో తాకి, పక్కకు తిరిగి చూస్తే జూలై నెలలో అదే నది మోకాలి లోతున ఇసుక దిబ్బల మధ్య పారుతూ ఉంటుంది. ఆ నీటిలో దిగడానికి పిల్లలు ఉబలాటపడతారు గాని, ఊబి ఇసుక, లోపలి సుడులు ఉన్న నది అది, దిగనివ్వకూడదు.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వచ్చేవారు షెంగెన్ వీసాకు 30,000 యూరోల వైద్య బీమా, బస వివరాలు చూపాలి కనుక రాత్రి మకాములను ముందే ఖాయం చేసుకోవడం ఎలాగూ తప్పదు. ‘అక్యూయ్ వేలో’ గుర్తు ఉన్న బసలు దారికి అయిదు కిలోమీటర్ల లోపే ఉంటాయి, సైకిళ్లకు తాళం వేసే చోటు, మరమ్మతు పనిముట్లు అక్కడ దొరుకుతాయి.

చివరి మజిలీ గురించి ముందే ఆలోచించాలి. సాన్ బ్రెవాన్‌లో రైల్వే స్టేషను లేదు. దగ్గరి స్టేషను అవతలి ఒడ్డున సాన్ నజేర్‌లో ఉంది, మధ్యలో 3,356 మీటర్ల పొడవైన ఎత్తైన వంతెన ఉంది. దాని మీద సైకిళ్లకు విడిచిన పట్టీ ఇరుకు, పక్కనే లారీలు, పైన సముద్రపు గాలి. పిల్లలూ కొత్తవారూ ఉన్న బృందాన్ని నేను దాని మీదుగా తీసుకువెళ్లను. వచ్చిన దారినే, పాంబెఫ్ మీదుగా మార్తినియేర్ కాలువ గట్టున నాంత్‌కు తిరిగి తొక్కి, అక్కడ ముగ్గురు నలుగురు చొప్పున వేర్వేరు రైళ్లు ఎక్కడం మేలు. వేసవిలో కొన్ని రైళ్లలో సైకిలుకు కూడా ముందే చోటు తీసుకోవాలి కనుక, ఆ వెనుకటి ప్రయాణానికి ఒక రోజును మొదటి ప్రణాళికలోనే కేటాయించుకోవాలి.