రెండు వైపుల పిల్లల బొమ్మల పుస్తకాలు: బరంపురంలో కొన్నేళ్ల వాడకం తరువాత

నేను తెలుగువాణ్ణి, నా భార్య ఒడియా. మిశ్రమ కుటుంబాల గురించీ వంశం గురించీ చెప్పే బొమ్మల పుస్తకాలను మా అమ్మాయికి మాటలు రాకముందు నుంచే కొంటున్నాము. ఇప్పుడు వాటిని ఆమె తమ్ముడు తిరగేస్తున్నాడు కనుక, ఏవి నిలిచాయో ఏవి అటకెక్కాయో చెప్పగలను.

ఆర్నాల్డ్ ఆడాఫ్ రాసిన ‘బ్లాక్ ఈజ్ బ్రౌన్ ఈజ్ టాన్’ (1973) నల్లజాతి తల్లి, తెల్లజాతి తండ్రి ఉన్న ఇంటి సందడిని పాటలా వినిపిస్తుంది. చదివి వినిపించడానికి హాయిగా ఉన్నా, ఒంటి రంగు చుట్టూ తిరిగే ఆ కథ మా ఇంటికి అంతగా అతకలేదు. మా పిల్లల తాతలిద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఎవరు ఎటువైపో కొత్తవారు పోల్చుకోలేరు. తేడా అంతా వంటలోనూ, ఇటు సంక్రాంతి అటు రజో అన్నట్టు పండుగల్లోనూ ఉంటుంది.

అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకాన్ని 1994లో పొందిన అలెన్ సే ‘గ్రాండ్‌ఫాదర్స్ జర్నీ’ మాత్రం నలిగిపోయేదాకా చదివాము. జపాన్ నుంచి కాలిఫోర్నియా చేరిన తాత, ఒకచోట ఉన్నప్పుడు రెండోచోటి మీద బెంగపెట్టుకుంటాడు. పేజీకొక పెద్ద బొమ్మ, దానికి కొద్దిపాటి మాటలు. అది విన్నప్పుడల్లా మన ముత్తాత ఎక్కడి నుంచి వచ్చాడని మా అమ్మాయి అడిగేది. ఆయన ఎక్కడి నుంచీ రాలేదు. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురం 1936 ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో కలిసింది, ఆయన తన వీధిలోనే ఉండిపోయాడు. ఇలా ఊరు కదలని వంశకథకు బొమ్మలు వేసిన పుస్తకం నాకింకా దొరకలేదు.

అసలు చిక్కు వంశవృక్షం నింపమని గళ్లు గీసి ఇచ్చే పుస్తకాలతో వచ్చింది. మా అమ్మానాన్నలది మేనరికం కావడంతో పై వరుసలో ఒకే దంపతుల పేర్లు రెండు చోట్ల రాయవలసి వచ్చింది. మా అత్తవారి వైపు ఆ ఆచారం లేదు గనుక అటు కొమ్మలన్నీ విడివిడిగానే పోయాయి. మా అమ్మాయి ఆ రెండు గళ్లనూ పెన్సిలు గీతతో కలిపేసింది. ఆ గీతకు చోటుంచిన పుస్తకం ఒక్కటీ చూడలేదు.

మన్నిక మాటకొస్తే, ఇక్కడి సముద్రపు గాలికి పిన్నులు కొట్టిన సన్న పుస్తకాలు తుప్పుపట్టి నడిమి కాగితాలు ఊడిపోయాయి. దారంతో కుట్టినవి, ఖరీదైనా, నిలిచాయి. పిల్లల పుస్తకాల సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో కథలను ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. ఒకే కథ రెండు భాషల్లోనూ దొరికినప్పుడు తెలుగు పేజీకి ఎదురుగా ఒడియా పేజీ వచ్చేలా కుట్టించాను. ఇటువైపు మా అమ్మ, అటువైపు మా అత్తగారు చదువుతారు. స్పైరల్ బైండింగు మాత్రం వద్దు, చిన్నవాడు తీగ మొత్తం లాగేశాడు.